జిల్లేడాకు వైద్యంలో నా నిర్వాకం

దారాల కొట్టులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న రంగులక్కకు కూర్చోవడానికి చోటు లేదు. చోటు లేదంటే ఇరుకని కాదు. కౌంటరుకూ రీళ్ళ అరలకూ మధ్య ఒక మనిషి అటూ ఇటూ తిరిగేంత సందు ఉంది. అందులో చిన్న స్టూలు ఒకటి హాయిగా పడుతుంది. ఒకరోజు ఆమె తిండికి లోపలికెళ్ళినప్పుడు నేను టేపు పెట్టి కొలిచాను కూడా. అయినా స్టూలు వేయరు. కొనేవాళ్ళు నిలబడి ఉండగా అమ్మేవాళ్ళు కూర్చుని కనబడితే మర్యాదగా ఉండదని ఇప్పటి యజమాని తండ్రి ఎప్పుడో అన్నాడట. ఆయన పోయాడు గానీ ఆ మాట పోలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు షట్టరు లేచింది మొదలు రాత్రి ఎనిమిదిన్నరకు దిగేవరకు, మధ్యాహ్నం ఒక అరగంట తప్పితే, ఆమె రెండు కాళ్ళ మీదే ఉండాలి. ఆ అరగంట కూడా వెనక గదిలో గుండీల అట్టపెట్టెల మీద, పెట్టె కుంగకుండా సగం బరువే ఆనించి.

దీన్ని ఆమె అన్యాయమని ఎప్పుడూ అనలేదు. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే "నిలబడే ఉద్యోగం" అని చెప్పేది, పక్కింటివాళ్ళు బ్యాంకు ఉద్యోగం, బడి ఉద్యోగం అని చెప్పుకున్నంత మామూలుగా.

అన్యాయమని అన్నది నేను. అలా అనడమే నా పని. నాలుగు పేజీల మాసపత్రిక ఒకటి నడుపుతాను. దాన్ని చదివేవాళ్ళకంటే అందులో రాసేవాళ్ళు ఎక్కువ. రాసేవాళ్ళలో కూడా ఎక్కువ భాగం నేనే, వేరు వేరు కలం పేర్లతో.

రంగులక్క అన్న పేరు ఆమెకు టైలర్లు పెట్టింది. గుడ్డ ముక్క ఒకటి కౌంటరు మీద పెడితే ఆమె దానికి తగిన దారం వెతకదు, నేరుగా తీస్తుంది. మా పరిచయం కూడా అలాగే మొదలైంది. ఊరేగింపులకు వాడే మా బ్యానరు అంచు చిరిగితే పట్టుకెళ్ళి ఎర్ర దారం ఇమ్మన్నాను. ఏ ఎరుపని అడిగింది. వాళ్ళ దగ్గర ముప్ఫైఒక్క ఎరుపులున్నాయట. నేను కాస్త ఛాతీ విరుచుకుని ఉద్యమాల ఎరుపు అన్నాను. ఆమె బ్యానరు అంచును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "ఇది ఎరుపు కాదు చెల్లీ, ఇటుక రంగు. మూడు ఎండాకాలాలు చూసినట్టుంది" అని పై అరలోంచి రీలు తీసి చేతిలో పెట్టింది. ఇటుక రంగు దారంతో కుట్టిన ఆ బ్యానరు కిందే నిలబడి ఆ నెల మేం గొంతులు పోయేలా అరిచాం. అప్పటి నుంచి ఆమెకు నేను మీటింగుల చెల్లిని.

కొన్ని రంగులు ఆమెకు కూడా మొండికేసేవి. పొద్దుటి నుంచి వంద రంగులు చూసిన కంటికి నీలం ఊదాలా, ఆకుపచ్చ నీలంలా అనిపిస్తుందట. అలాంటప్పుడు కౌంటరు పక్కన మేకుకు వేలాడే నల్ల గుడ్డ తీసుకుని రెండు కళ్ళకూ అదుముకుని ఇరవై లెక్కపెట్టేది. చల్లగా ఉంటుందని ఆ గుడ్డను పొద్దున్నే తడిపి, పిండి పెట్టుకునేది. ఇరవై అయ్యాక గుడ్డ తీసి, గుమ్మం దగ్గరి వెలుతురులోకి వెళ్ళి, ఒక్కసారే చూసేది. రెండోసారి చూస్తే కన్ను అబద్ధం చెబుతుందనేది. దీనికి ఆమె పెట్టుకున్న పేరు కళ్ళు ఖాళీ చేసుకోవడం. ఆ ఇరవై లెక్కపెట్టేంతసేపు గలగలా మాట్లాడే టైలర్లు కూడా నోరు కట్టుకుని ఆగేవారు. పదకొండు గంటల పనిలో ఆమెకు దొరికే విశ్రాంతి అదే. అది కూడా నిలబడే.

సాయంత్రమయ్యేసరికి బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ ఉండేది. మోకాళ్ళు వాచి మెట్లు దిగేటప్పుడు పక్కవాటుగా దిగేది. చూసి ఊరుకోలేక కార్మిక శాఖకు అర్జీ రాస్తానన్నాను. ఆమె రాసుకోమంది. అయితే తన పేరు రాకూడదు, కొట్టు పేరు రాకూడదు, స్టూలు అన్న మాట రాకూడదు. ఈ మూడూ తీసేశాక అర్జీలో నా సంతకం మిగిలింది. దాని మీద నాకు అభ్యంతరమేమీ లేకపోయింది గానీ, పంపడానికి మాత్రం అది చాలలేదు.

నా మొహం చూసి జాలేసిందేమో, తన మోకాళ్ళకు మందు ఇంట్లోనే ఉందనీ ఆదివారం వచ్చి చూసిపొమ్మనీ చెప్పింది.

వాళ్ళది మూడో అంతస్తు, రెండు గదులు. లిఫ్టు లేదు. తమాషా ఏమిటంటే బావ, అంటే ఆమె భర్త, ఊళ్ళోని ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. ఆయనకు స్టూలు ఇచ్చారు. పది గంటలు దాని మీదే కూర్చుని మీటలు నొక్కి నొక్కి నడుము పట్టేసింది. ఇంటికి రాగానే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోతాడు. ఆమె వచ్చీ రాగానే మంచానికి ఆనుకుని కాళ్ళు చాపేస్తుంది. ఎవరైనా తమ ఇద్దరి ఉద్యోగాలనూ కలిపి సగానికి పంచి ఉంటే రెండు మంచి ఉద్యోగాలు అయ్యేవని బావ నాతో అన్నాడు. నా పత్రిక పదేళ్ళలో ఇంత సూటిగా ఒక మాట రాసిన జ్ఞాపకం నాకు లేదు.

మందు జిల్లేడాకు. బస్ డిపో గోడ వెనక, ఎప్పుడో కూలగొట్టిన షెడ్ల రాళ్ళ మధ్య, ఎవరూ నీళ్ళు పోయకుండానే గుబురుగా పెరిగిన పొదలు. దళసరి ఆకులు, వాటి మీద బూడిద చల్లినట్టు తెల్లటి నూగు, మైనంతో చేసినట్టుండే ఊదారంగు పూలు. బస్సులు ఎక్కేవాళ్ళందరూ వాటిని చూస్తారు, ఎవరూ పట్టించుకోరు. ఆ వైద్యం ఆమెకు అత్తగారు నేర్పింది. అత్తగారికి ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది, నోరు తగ్గలేదు.

ఆరోజు నేను నోటు పుస్తకం తెరిచి కూర్చుంటే అంతా దగ్గరుండి చేసి చూపించారు. ఆకు తెచ్చేటప్పుడు రంగులక్క చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటుంది. తెచ్చిన ఆకుల్ని తొడిమెలు కిందికి వచ్చేలా పాత డబ్బాలో నిలబెట్టి పాలన్నీ కారిపోనిస్తుంది. మర్నాడు కడిగి, తుడిచి, ఆముదం రాసి, పెనం మీద వెచ్చబెడుతుంది. మణికట్టుకు తాకించి చూసుకుని, మోకాలి మీద పరిచి, గుడ్డతో కట్టి, కుర్చీ మీదికి కాళ్ళు చాపి అరగంట అలా ఉంటుంది. ఆ అరగంట ఇంట్లో ఎవరూ ఆమెను లేపకూడదు. వాపు లాగేస్తుందని, పొద్దున్నకు కాళ్ళు తేలికపడతాయని చెప్పింది.

నేను తల ఊపుతూ చకచకా రాస్తుంటే అత్తగారు నా పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"అమ్మాయ్, మంచిదంతా రాశావు. చెడ్డది కూడా రాయి. దాని పాలు చేతికంటితే సబ్బుతో కడుక్కోవాలి. కడుక్కోని చెయ్యి మొహం మీదికి పోకూడదు. కంట్లో పడితే కన్ను పోతుంది. పుండు మీద పెడితే పొక్కుతుంది. దగ్గుకు మంచిదని వేరు నూరుకు తాగేవాళ్ళున్నారు, అలా తాగినవాళ్ళలో గుండె ఆగినవాళ్ళూ ఉన్నారు. రాశావా?"

రాశానన్నాను. నిజంగానే రాశాను.

ఆ నెల పత్రికలో 'బస్ డిపో వెనక ఉచిత ఆసుపత్రి' అని వ్యాసం తయారైంది. పేజీలో మూడు వాక్యాలు ఎక్కువయ్యాయి. ఏవో మూడు తీసేయాలి. ఒకపక్క అత్తగారి హెచ్చరిక. ఇంకోపక్క, శ్రమజీవులు తరతరాలుగా కూడబెట్టుకున్న ఈ జ్ఞానాన్ని ఏ మందుల కంపెనీ సీసాలో బంధించలేదు అంటూ సాగే నా ముగింపు. ఆ ముగింపు నాకు ఎంత నచ్చిందంటే ప్రెస్సాయనకు రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, ఆ మొక్కకు పాలు కారతాయి కదండీ, దాని గురించి రాయలేదేం అన్నాడు. తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుసు, తెలియనివాళ్ళు భయపడిపోతారు అన్నాను. హెచ్చరిక పోయింది. కంపెనీ, సీసా, బంధించడం, అన్నీ మిగిలాయి.

పత్రిక వచ్చిన సోమవారం రంగులక్కకు ఒక కానుక ఇద్దామనిపించింది. దారిలో డిపో వెనక్కి వెళ్ళి, పద్నాలుగు ఆకులు నా చేతులతో తుంచాను. ప్లాస్టిక్ సంచి ఉంది, అయితే అది ఆకులు వేసుకోవడానికి పనికొచ్చింది. తొడిమల్లోంచి తెల్లగా, చిక్కగా పాలు వేళ్ళ మీదుగా కారుతుంటే, నేలతల్లి అనుబంధం లాంటి పదాలేవో తలలో తిరిగాయి తప్ప సబ్బు గుర్తుకు రాలేదు.

కొట్టుకు వెళ్ళేసరికి ఆమె నిచ్చెనెక్కి పై అర సర్దుతోంది. వేళ్ళు జిగటగా అంటుకుపోతున్నాయి. పక్కనే మేకుకు తడిగుడ్డ కనిపించింది. తుడుచుకున్నాను, పది వేళ్ళూ, శుభ్రంగా, ఒక్కొక్కటే. తుడుచుకుని మళ్ళీ మేకుకే తగిలించాను. నాకు ఆ మాత్రం క్రమశిక్షణ ఉంది.

ఆమె దిగి వచ్చింది. ఆకులు చూసి, మీటింగులు మానేసి మందుల వ్యాపారంలోకి దిగావా అని నవ్వింది. ఇంతలో బడి పిల్లల యూనిఫాంలు కుట్టే టైలరు ఒక ముక్క పట్టుకొచ్చాడు. నీలమూ ఆకుపచ్చా కాని మొండి రంగు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, గుడ్డ తీసుకుని కళ్ళకు అదుముకుంది. టైలరూ నేనూ నోరు మూసుకుని నిలబడ్డాం. ఆమె పన్నెండో పదమూడో లెక్కపెట్టి గుడ్డ తీసేసింది. కళ్ళు చురుక్కుమన్నాయట. నీళ్ళు కారుతున్నాయి. చేతి వెనక భాగంతో తుడుచుకుని, రెండు మూడుసార్లు రెప్పలు ఆర్పి, ఇవాళ కళ్ళు మాట వినడం లేదు రేపు రమ్మని టైలరును పంపేసింది. కాసేపటికి మంట తగ్గిపోయిందని తనే చెప్పింది.

నేనేం చేశాను? నోటు పుస్తకం తీసి, 'నిలబడి నిలబడి అలసిన శ్రామిక స్త్రీ కంట నేను కన్నీరు చూశాను' అని రాసుకున్నాను. వచ్చే నెల సంపాదకీయం మొదటి వాక్యం దొరికిందన్న తృప్తితో ఇంటికెళ్ళి, సబ్బుతో చేతులు కడుక్కుని తిన్నాను.

ఆ తర్వాతి నాలుగు రోజులూ నేను లేను. జరిగింది తర్వాత తెలుసుకున్నాను. ఆ సాయంత్రానికే ఆమెకు వీధి దీపాల చుట్టూ వలయాలు కనిపించాయి. పొద్దున లేచేసరికి కుడి కంటికి అద్దం మీద ఆవిరి పట్టినట్టు, ఎడమ కంటికి దాంట్లో పావు వంతు. నొప్పి మాత్రం లేదు. నొప్పి ఉంటే ఎవరికైనా చెప్పేదేమో. లేదు గనక, వయసు వచ్చేసిందని అనుకుంది. అనుకుని ఎవరికీ చెప్పలేదు. రంగులక్కకు రంగులు కనబడకపోతే కొట్టులో ఆమెకు పనేముంది?

ఆ మంగళవారమే టైలరు మళ్ళీ వచ్చాడు. ఆమె కుడి కన్ను మూసుకుని చూసి రీళ్ళు ఇచ్చింది. గురువారం అతను పన్నెండు యూనిఫాంలు తెచ్చి కౌంటరు మీద పరిచాడు. గుడ్డ ఒక రంగు, కుట్టు ఇంకో రంగు. గీతలు గీసినట్టు కనబడుతోంది. అతను ఆమెను ఒక్క మాట అనలేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి అక్కా, ఒంట్లో బాగోలేదా అని మాత్రం అడిగాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత నాతో అంది.

యజమాని శుక్రవారం నుంచి ఆమెను గుండీల వైపు మార్చాడు. గుండీలు ఎంచితే చాలు. నెలాఖరు దాకా చూద్దామన్నాడు. నెలాఖరు తర్వాత ఏమిటన్నది ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. దారాల దగ్గర ఒక కొత్త అమ్మాయి నిలబడింది. ఆ సందులోనే, స్టూలు పట్టే ఆ ఖాళీలోనే.

ఆ శుక్రవారం రాత్రి కొట్టు మూసేశాక నేను పత్రిక కాపీలు పది పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను, మెచ్చుకుంటారని. ఆమె కాళ్ళు చాపుకుని ఉంది. బావ కిటికీ దగ్గర ఉన్నాడు. నాలుగు రోజుల నుంచి మీ అక్క నాకు కన్ను కొడుతోంది, పెళ్ళైన కొత్తలో కూడా ఇంత చేయలేదు అన్నాడు. నేను నవ్వాను. అత్తగారు నవ్వలేదు. కోడలి గడ్డం పట్టుకుని మొహాన్ని దీపం వైపు తిప్పింది.

"నువ్వు పాలు తాకావు."

"తాకలేదత్తా. సంచి లేకుండా ఎప్పుడైనా తెచ్చానా?"

"ఇది పాల దెబ్బే. నా చిన్నప్పుడు మా ఇంట్లోనే చూశాను. మరి ఎవరు తాకారు?"

గదిలో ఉన్న నలుగురిలో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరి చేతిలో టీ గ్లాసు ఉంది. సోమవారం, నిచ్చెన, మేకు, గుడ్డ, పది వేళ్ళు, అన్నీ ఒక్కసారిగా వరస కట్టి నిలబడ్డాయి. వెంటనే చెప్పానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. టీ మొత్తం తాగాను. నిజాన్ని నిర్భయంగా చెప్పే పత్రిక అని మా పేరు కిందే అచ్చువేసుకుంటాం. ఆ పది కాపీలూ నా ఒళ్ళోనే ఉన్నాయి. గ్లాసు అడుగున ఇంక ఏమీ మిగలలేదని రూఢి అయ్యాక చెప్పాను.

బావ కిటికీ వదిలి కూర్చున్నాడు. ఆయన ఇంట్లో కూర్చోవడం నేను చూడడం అదే మొదలు. రంగులక్క నావైపు ఒంటి కంటితో చూసి, "తడిగుడ్డ గదా, తెలీలేదు నాకు" అంది, తప్పు తనదైనట్టు. అత్తగారు మాత్రం నా ఒళ్ళోంచి ఒక కాపీ లాక్కుని, చదువు రాదు గనక కొడుకు చేతికిచ్చి, తను రాయమన్న చెడ్డ ఎక్కడుందో చదవమంది. ఆయన రెండు వైపులా చూసి, లేదమ్మా అన్నాడు.

"మరేముంది అందులో?"

"సీసాలో బంధించలేదని ఉంది."

ఇన్నేళ్ళ నా రాతల మీద వచ్చిన సమీక్షలన్నిటిలో అది చాలా క్లుప్తమైనది, న్యాయమైనది కూడా.

రాత్రి కూడా తెరిచి ఉండే కంటి ఆసుపత్రికి అప్పటికప్పుడే పరుగెత్తాం. డాక్టరమ్మ నా కూతురి వయసుది. కంట్లో దీపం వేసి చూసి, ఏం పడింది, ఎన్ని రోజులైంది అని అడిగింది. నేను చెప్పాను. ఈసారి టీ అడ్డం రాలేదు. ఆమె విసుక్కోకుండా వివరించింది. జిల్లేడు పాలు కంటి ముందు పొరను దెబ్బతీస్తాయట, పొర వాచి చూపు మసకబారుతుంది. పైగా ఆ పాలు కంటిని మొద్దుబార్చేస్తాయి గనక పడినప్పుడు కాస్త మండి ఊరుకుంటుంది. నొప్పి లేదని అందరూ ఇంట్లోనే ఉండిపోతారు. పడిన వెంటనే ధారగా నీళ్ళతో పావుగంటకు తక్కువ కాకుండా కడిగి, అదే రోజు వచ్చి ఉంటే ఇంత భయపడాల్సిన పని ఉండేది కాదంది. ఇప్పుడు చుక్కల మందు వేస్తాం, చాలామందికి చూపు తిరిగొస్తుంది, ఎంత వస్తుందో రెండు వారాలైతే గానీ చెప్పలేనంది.

"నాకు రంగులు కావాలమ్మా. అక్షరాలు కనబడకపోయినా ఫరవాలేదు" అంది రంగులక్క.

డాక్టరమ్మ చీటీ రాయడం ఆపి, అసలు ఆ ఆకు ఎందుకు కట్టుకుంటున్నారని అడిగింది. మోకాళ్ళ సంగతి, కొట్టు సంగతి బయటికొచ్చాయి.

"ఆకు కట్టుకుని ఎంతసేపు కూర్చుంటారు?"

"అరగంట."

"రోజు మొత్తంలో కాళ్ళు చాపుకుని కూర్చునేది ఇంకెప్పుడు?"

"ఇంకెప్పుడూ లేదు. ఆకు కట్టుకున్నాను గనక ఆ అరగంటైనా కూర్చోనిస్తారు."

"మోకాళ్ళు నా శాఖ కాదు. అయినా ఆకు లేకుండా ఒక వారం ఊరికే కూర్చుని చూడండి" అంది డాక్టరమ్మ.

పక్క కుర్చీలో ఉన్న నాకు ఆ మాట తగలవలసిన చోట తగిలింది. వెచ్చదనం వల్ల కొంత, ఆకు వల్ల కొంత ఉపశమనం ఉండి ఉండవచ్చు. నేను తేల్చలేను. కానీ నేను ఒకటిన్నర పేజీ కీర్తించిన వైద్యంలో నాకు కనబడని మందు ఒకటి ఉంది, అది కుర్చీ. మొక్కకు పొగడ్త రాసినంతసేపూ యజమానికి ఎంత సుఖం చేస్తున్నానో గ్రహించలేదు. వాళ్ళ నొప్పికి వాళ్ళ దగ్గరే ఉచిత మందుందని నాలాంటిదే అచ్చువేసి పంచితే, ఇంక ఆయన స్టూలు ఎందుకు కొనాలి?

మూడు వారాలు ఆమె ఇంట్లో ఉంది. గంటగంటకూ కంట్లో చుక్కలు అత్తగారే వేసింది. నన్ను రోజూ రమ్మని, రోజూ తిట్టింది. పక్షం దాటాక వలయాలు పోయాయి. ఎడమ కన్ను పూర్తిగా తేరుకుంది. కుడి కంటి ఆవిరి మెల్లగా తగ్గింది. ఆ రోజుల్లో ఆమె పగలంతా కాళ్ళు చాపుకునే ఉండేది, ఆకు ముట్టుకోలేదు, మోకాళ్ళ వాపు సగం దిగింది. ఇది డాక్టరమ్మ గెలుపో ఆకు ఓటమో నేను రాయబోవడం లేదు. ఒక మనిషి మోకాళ్ళ మీద తీర్పులివ్వడం మానేశాను.

నెలాఖరున ఆమె కొట్టుకు వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. యజమాని చెడ్డవాడు కాదు. పలకరించి, టీ తెప్పించి, ఇబ్బందిపడుతూనే కౌంటరు మీద పది గుడ్డ ముక్కలు పరిచాడు. "అక్కా, ఏమనుకోకు. ఒకసారి చూడు" అన్నాడు. కొత్త అమ్మాయి పక్కకు తప్పుకుంది. మేకు ఖాళీగా ఉంది. రంగులక్క అరచేతులతో కళ్ళు మూసుకుని ఇరవై లెక్కపెట్టింది. ఆ ఇరవై నాకు నా పత్రిక పదేళ్ళకంటే పొడుగ్గా తోచింది. గుమ్మంలోకి వెళ్ళి ఒక్కొక్క ముక్కనూ ఒక్కసారే చూసి, వచ్చి రీళ్ళు తీసింది. ఎనిమిది సరిగ్గా వచ్చాయి. మిగిలిన రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, నిజానికి యజమానికి కూడా తేడా తెలియని ఆ రెండు నీలాలను చూపించి, తనే చెప్పింది.

"బాబూ, పద్దెనిమిదేళ్ళుగా ఇస్తున్న రంగులు, ఈ రెండూ వేరని నాకు తెలుసు. నా కంటికి మాత్రం ఇప్పుడు ఒకటే. ఇవి వచ్చినప్పుడు ఈ పిల్లనడిగి ఇస్తాను."

యజమాని ఆ రెండు ముక్కల్నీ మడిచి పక్కన పెట్టాడు. సరే, దారాల దగ్గరే ఉండమన్నాడు. ఆ రెండు నీలాలూ నా ఖాతాలోవి. అవి తిరిగిరావని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

అప్పుడు నేను స్టూలు సంగతి ఎత్తాను. కార్మిక శాఖ, అర్జీ, ఉద్యమం, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను గానీ ఆయన పోట్లాటకు దిగలేదు. నిదానంగా చెప్పాడు.

"నాకేం అభ్యంతరం లేదు మేడం. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని భయం. మా నాన్న హయాం నుంచి ఇప్పటిదాకా ఈ మనిషిని కూర్చోబెట్టండి అని కొనడానికొచ్చిన ఒక్కరు కూడా అడగలేదు. మీరు ఎనిమిదేళ్ళుగా మా దగ్గరే దారం కొంటున్నారు కదా, మీరెప్పుడైనా అడిగారా?"

అడగలేదు. సందు కొలిచాను, అర్జీ రాశాను, వ్యాసం రాశాను, ఆకులు తెచ్చాను, కళ్ళు పాడుచేశాను. చేతిలో రీలుతో, కొనేదాన్నిగా, ఆయన మొహం చూసి ఒక్క మాట అడగడం మాత్రం నాకు తట్టలేదు. అక్కడికక్కడే అడిగాను. ఆయన మర్యాదగా విని, మీరొక్కరే కదండీ అన్నాడు. ఇంకో పదిమంది అడిగితే వేస్తానన్నాడు. పదమూడు రోజులైంది, ఇప్పటికి ముగ్గురు అడిగారు, అందులో ఒకరు ఆ యూనిఫాంల టైలరు. ఇంకా ఏడుగురు కావాలి.

పోయిన నెల వ్యాసం చదివి ఎవరైనా డిపో వెనక్కి వెళ్ళి ఉంటే, ముందు ఇది చదవండి. జిల్లేడు పాలు చేతికంటితే ఏ గుడ్డకూ తుడవకండి, సబ్బుతో కడుక్కోండి. కంట్లో పడితే మంట తగ్గిందని ఊరుకోకుండా ధారగా నీళ్ళతో పావుగంట కడిగి, ఇంకేమీ వేయకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వేరూ పాలూ నోట్లోకి పోనివ్వకండి.

రెండోది మీతో నా మనవి. మీరు వెళ్ళేది ఆ దారాల కొట్టు కానక్కరలేదు. బట్టల దుకాణం, మందుల షాపు, చెప్పుల షాపు, ఏదైనా సరే, కౌంటరు వెనక నిలబడి ఉన్న మనిషి కాళ్ళ వైపు ఒకసారి చూడండి. కూర్చోవడానికి ఏమీ కనబడకపోతే, ఆమెను అడిగి ఇరుకున పెట్టకండి, యజమానిని అడగండి. మీరు అడిగినట్టు పక్కనున్న నలుగురికీ వినబడేలా అడగండి. ఆమె కూర్చుని అమ్మితే నాకు అమర్యాదేమీ లేదని చెప్పండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి. అర్జీలు నేను రాస్తూనే ఉంటాను, అదెలాగూ మానలేను. ఈ పని మాత్రం కొనేవాళ్ళే చేయగలరు, ఈ వారమే చేయండి.